రాయి తనంతట తానే లారీ ఎక్కిన తొమ్మిది రోజులు

1988 జనవరి 6, బుధవారం. ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు నరసరావుపేట ఆఫీసులో నా బల్ల మీది ఫోను మోగింది. దాచేపల్లి దగ్గరి మా సిమెంటు ఫ్యాక్టరీ నుంచి టైమ్ ఆఫీసు గుమాస్తా వెంకట్రామయ్య గారు.

"అమ్మా, లిస్టు తీశా. మా మిషన్లో అరవై ఒక్కమంది తేలారు. మీకెంతమంది?"

నా ముందు తెర మీద నలభై ఏడు ఉంది. అదే చెప్పాను.

"అదెట్టా? మాదీ మీదీ ఒకటే గదా?"

"ఒకటే కావాలండీ."

"అయితే పద్నాలుగు మంది దార్లో ఎక్కడ దిగినట్టు? పిడుగురాళ్ళలోనా?"

ఆయన నవ్వారు. నేనూ నవ్వాను. నా డైరీలో ఆ నవ్వు కూడా రాసి ఉంది కాబట్టి దాచడం లేదు.

ఇప్పుడు ఈ వృత్తిలోకి వస్తున్న పిల్లలు నన్ను అడిగేది ఒకటే: రెండు చోట్ల ఉన్న ఒకే డేటా ఒకటిగా లేకపోతే ఏం చేయాలి అని. మీకు దానికి పెద్ద పెద్ద పేర్లున్నాయి. నేను ఇరవై రెండేళ్ళు చేసింది అదే పని. ఎక్కడెక్కడ చేశానో, ఎవరు నన్ను పైకి ఎక్కించారో మీకు అనవసరం. నాకు పని నేర్పింది మొదటి ఏడాది. ఆ నేర్పుడు ఖర్చు నేను పెట్టుకోలేదు, వేరేవాళ్ళు పెట్టుకున్నారు. అందుకని అదొక్కటే వివరంగా రాస్తాను.

రెండు మిషన్లు, ఒక బస్సు

మాకు రెండు కంప్యూటర్లు ఉండేవి. ఒకటి ఫ్యాక్టరీ టైమ్ ఆఫీసులో, ఒకటి నరసరావుపేటలో. మధ్యలో వైరు లేదు, బస్సు ఉంది. క్వారీలో సున్నపురాయి కొట్టి లారీలకు ఎత్తే టెంపరరీ కూలీలు మూడు వందల పద్దెనిమిది మంది. ఏ రోజు ఎవరు వచ్చారో మర్నాడు ఉదయం ఫ్యాక్టరీ మిషన్లో ఎక్కించి, అదే ఒక ఫ్లాపీలోకి తీసి, అట్ట కవరులో పెట్టి, పదిన్నరకు వచ్చే మాచర్ల బస్సు కండక్టరు చేతికి ఇచ్చేవారు. మధ్యాహ్నానికి మా దగ్గర ఆపరేటరు పద్మ దాన్ని ఎక్కించేది. 1987 మార్చి 2, సోమవారం మొదలుపెట్టాం. అంతకు ముందు జనవరి, ఫిబ్రవరి హాజరు నేనే కూర్చుని రెండు చోట్లా ఎక్కించాను.

నరసరావుపేటలో కంప్యూటరు గదికి ఏసీ పెట్టారు. చెప్పులు బయట విప్పాలని బోర్డు పెట్టారు. ఆ బోర్డు పెట్టించిన పర్సనెల్ ఆఫీసరు చక్రపాణి గారు ఉత్త కాళ్ళతో లోపలికి వచ్చి, సిగరెట్టు ముట్టించి, బూడిద కీబోర్డు పక్కన దులిపేవారు. మిషన్ మీద భక్తి అంతా కాళ్ళ దగ్గరే ఆగిపోయింది.

ఈ హాజరు ఎందుకంటే, ఏడాదిలో రెండు వందల నలభై రోజులు పని చేసిన కూలీని పర్మినెంటు చేయాలని యాజమాన్యానికీ యూనియన్‌కీ మధ్య ఒప్పందం. రెండు వందల ముప్పై తొమ్మిదైతే లేదు. ఆ ఏడాది మొదటిసారి లిస్టు కంప్యూటర్లోంచి తీయాలి. జనవరి 20న సంతకాలు.

అదివరకు ఒక్కసారే ఇబ్బంది వచ్చింది. ఆ కాలపు మిషన్లు ఆపితే తేదీ మరిచిపోయేవి. పొద్దున్నే లేపగానే తేదీ అడుగుతాయి. ఊరికే మీట నొక్కేస్తే 1980 జనవరి 1 అనుకుంటాయి. 1987 ఏప్రిల్ 22న ఫ్యాక్టరీలో ఎవరో అలాగే నొక్కారు. మూడు వందల మంది ఫ్యాక్టరీ కట్టక ముందే పనికి వచ్చినట్టు తేలింది. అది సరిచేసి, మళ్ళీ జరగకుండా మా ప్రోగ్రాములో ఒక నియమం పెట్టాను: ఆఖరున ఎక్కిన ఫ్లాపీ కంటే పాత తేదీది వస్తే తీసుకోదు. "ఈ తేదీ దాటిపోయింది" అని చెప్పి బయటికి పంపేస్తుంది. రాసినప్పుడు చాలా గర్వపడ్డాను. పద్మకు రెండుసార్లు చూపించాను.

నెలనెలా రెండు మిషన్లనూ పోల్చేదాన్ని కూడా. ఎలాగంటే, అక్కడ ఎన్ని పేర్లున్నాయి, ఇక్కడ ఎన్ని పేర్లున్నాయి? అక్కడ 318, ఇక్కడ 318. సంతకం. పేర్ల కింద ఏముందో చూడలేదు. పది నెలలు అలా సంతకం చేశాను.

నేను చేసిన పని

వెంకట్రామయ్య గారు ఫోను పెట్టేశాక చక్రపాణి గారి దగ్గరికి వెళ్ళి అరవై ఒకటి, నలభై ఏడు అని చెప్పాను.

"మన మిషన్లో ఎంత?"

"నలభై ఏడండీ."

"హెడ్డాఫీసు మనదా, వాళ్ళదా?"

"మనదే."

"మరి ఇంకేంది మీ సందేహం? సాయంత్రానికి రెండూ ఒకటి చేయండి. యూనియన్ వాళ్ళ చెవిన పడితే నా ప్రాణం తోడేస్తారు."

ఆ వయసులో నాకు పనిలో ఒక దురద ఉండేది. తేడా కనబడితే చేతులు ఊరుకునేవి కావు. నరసరావుపేట డేటా మొత్తం నాలుగు ఫ్లాపీల్లోకి తీసి మధ్యాహ్నం బస్సుకు పంపాను. గురువారం ఉదయం తొమ్మిదిన్నరకు వెంకట్రామయ్య గారు దాన్ని ఫ్యాక్టరీ మిషన్లో పాత దాని మీద ఎక్కించారు. అక్కడా నలభై ఏడు, ఇక్కడా నలభై ఏడు. రెండూ సమానం. నాకు హాయిగా అనిపించింది.

ఫ్యాక్టరీలో ఉన్నది వేరే చోట దాచి పెట్టమని నేను చెప్పలేదు. రోజువారీ ఫ్లాపీలు ఉన్నవి ఆరు, చెరిపి వాడుకునేవాళ్ళం. రెండు మిషన్లలో రెండు కాపీలున్నాయి కదా, మూడోది ఎందుకన్నది నా లెక్క. హాజరు వేసిన కాగితం మస్టర్లు? కంప్యూటర్లోకి ఎక్కాక కాగితం దేనికని టైమ్ ఆఫీసు వాళ్ళు వాటిని క్యాంటీనుకు ఇచ్చేశారు. మిర్చి బజ్జీలు చుట్టారు.

అందరికంటే ముందు మీకు చెప్పదలచుకున్నది ఇదే. రెండు కాపీలు కలవకపోతే వాటిని కలపడం మీ పని కాదు. ఎందుకు కలవలేదో తెలిసేదాకా రెండింటినీ ముట్టుకోవద్దు. ఎవరు చెప్పినా వినొద్దు. హెడ్డాఫీసు అన్న ముక్కకూ నిజానికీ చుట్టరికం లేదు.

అంకమ్మ

జనవరి 11, సోమవారం, పదీ నలభైకి ఒకామె ఆఫీసుకు వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. చెప్పుల బోర్డు దగ్గర ఆగింది. ఆమెకు చెప్పులు లేవు, ఏం విప్పాలో తెలియక నిలబడింది. నేనే బయటికి వెళ్ళాను.

"కంపూటరు మేడమ్మవు నువ్వేనా?"

"నేనే. నువ్వెవరు?"

"నా పేరు అంకమ్మ. క్వారీలో చేస్తా. బిళ్ల నంబరు రెండొందల పన్నెండు. ఎంకట్రామయ్య పంతులు బుధారం నాడు నీ పేరుందే అంకమ్మా, పర్మినెంటయ్యావ్ అన్నాడు. సుక్రారం అడిగితే లేదన్నాడు. రెండ్రోజుల్లో నేనేం తప్పు చేశాను?"

నా మిషన్లో ఆమెకు రెండు వందల ముప్పై నాలుగు రోజులున్నాయి. ఆరు తక్కువ. ఆమె రాని రోజుల జాబితా తీసి చదివాను. పెళ్ళి ఒకటి, జ్వరం నాలుగు, ఇలా తలూపుకుంటూ వచ్చింది. "నవంబరు తొమ్మిది, సోమవారం" అనగానే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగు. ఆ సోమారం పెద్ద గుండు పేల్చారు. రాయి ఎగిరొచ్చి తగిలింది. ఇదుగో చూడు." చెంప మీద రూపాయి బిళ్లంత మచ్చ చూపింది. "రాకపోతే ఇదెట్టా తగిలింది? ఇంటికొచ్చి తగిలిందా?"

"డిస్పెన్సరీకి వెళ్ళావా? అక్కడ రాసి ఉంటుంది."

"ఎల్తే ఆ పూట హాజరు కోస్తారు. పసుపు పెట్టుకోని పనికి పోయినా."

ఆమెను బెంచీ మీద కూర్చోబెట్టి, ఆ నవంబరు తొమ్మిదిన మొత్తం ఎంతమంది వచ్చారో తీశాను. సున్నా. మూడు వందల పద్దెనిమిది మందిలో ఒక్కరూ రాలేదు. ఆ రోజు సెలవు కాదు. సరేనని మొత్తం ఏడాదికీ రోజువారీ మొత్తాలు తీశాను. అలాంటి పనిరోజులు తొమ్మిది ఉన్నాయి. ఆరు సోమవారాలు, మూడు గురువారాలు. ఆ తొమ్మిది రోజులూ రాయి కాల్చే కిల్ను ఆగలేదు, సిమెంటు బస్తాలు బయటికి వెళ్ళాయి. అంటే రాయి తనంతట తానే పగిలి, తనంతట తానే లారీ ఎక్కిందన్నమాట. అలాంటి రాయి ఉన్నప్పుడు పల్నాడులో కూలీలే అక్కర్లేదు.

ఈ కాగితం మార్చిలోనే తీసి ఉండాల్సింది. అయిదు నిమిషాల పని. పేర్లు లెక్కపెట్టడం మానేసి రోజులు లెక్కపెడితే చాలు.

"తప్పు నాదే అంకమ్మా," అన్నాను.

"నీదైతే నీ ఉజ్జోగం నాకియ్యి, నా తట్ట నువ్వు తీసుకో," అంది. నవ్వుతూ అనలేదు.

మంగళవారం

మర్నాడు మంగళవారం పొద్దున్నే ఫ్యాక్టరీకి వెళ్ళాను. సోమవారాలు, గురువారాలు ఎందుకు పోతున్నాయో అంతు పట్టలేదు. టైమ్ ఆఫీసులో వెంకట్రామయ్య గారి ఎదురుగా కూర్చున్నాను. ఆయన ఎంత శ్రద్ధగా పని చేశారంటే, ఆ తర్వాత ఇన్నేళ్ళలో అలాంటి గుమాస్తాను నేను చూడలేదు. సోమవారం హాజరు ఎక్కించారు. ఒక్క తప్పు లేదు. ఫ్లాపీలోకి తీశారు. తేదీ రాశారు. అట్ట కవరులో పెట్టారు. పదిన్నరకు గేటు దగ్గర బస్సు హారను వినిపించింది. ఆయన కదల్లేదు.

"బస్సు వచ్చిందండీ."

"రానియ్యమ్మా."

"కవరు ఇవ్వరా?"

"ఇయ్యాళ మంగళారం గదా."

"అయితే?"

ఆయన నా వంక జాలిగా చూశారు. "మీ ఇంట్లో మంగళారం, సుక్రారం లక్ష్మిని గడప దాటిస్తారా అమ్మా? ఇందులో మూడొందల మంది అన్నం ఉంది. సొంత ఇంట్లో పాటించేది ఇక్కడ పాటించకపోతే ఎట్టా? రేపు రెండూ కలిపి పంపుతా. ఎప్పుడూ అంతే గదా."

పంపిణీ పుస్తకం తెరిచాను. పండగలు పోగా మంగళ, శుక్రవారాలు ఎనభై మూడు. ఎనభై మూడింటి పక్కనా ఆయన గుండ్రటి చేతివ్రాతతో ఒకటే మాట: "బస్సు అందలేదు." అది నమ్మి నేను బస్సు డిపో మేనేజరుకు మూడు ఫిర్యాదులు రాశాను. పాపం ఆయన ఒక డ్రైవరును మందలించానని జవాబు కూడా రాశాడు.

"మరి బస్సు అందలేదని ఎందుకు రాశారు?"

"మంగళారం అని రాస్తే మీ చక్రపాణి గారు ఎగతాళి చేస్తాడు గదమ్మా."

ఇక మిగిలింది కాగితం మీద వేసుకున్నాను. సోమవారం హాజరు మంగళవారం బయలుదేరాలి. బయలుదేరదు. బుధవారం సోమవారంది, మంగళవారంది జతగా వస్తాయి. ఆయన కొత్తది పైన, పాతది కింద పెడతారు. పైనున్నది ముందు ఎక్కిస్తే, కిందిది తేదీ దాటిపోయిందని నా ప్రోగ్రాము బయటికి పంపేస్తుంది. ఆ సోమవారం నరసరావుపేటలో ఇక లేదు. గురువారానికీ శనివారం వచ్చే జతతో ఇదే గతి.

కానీ ఎనభై మూడు జతలు వస్తే పోయింది తొమ్మిదే. మిగతా డెబ్భై నాలుగు సరిగ్గా ఎలా ఎక్కాయి? నరసరావుపేటకు తిరిగొచ్చి పద్మను అడిగాను.

"రెండొస్తే తారీకు చూసి పాతది ముందు పెడతానక్కా. ఎవరైనా అంతే గదా?"

"నువ్వు సెలవులో ఉన్నప్పుడు?"

హాజరు పట్టీ తీశాను. ఆ తొమ్మిది జతలు వచ్చిన తొమ్మిది రోజులూ పద్మ సెలవు. తొమ్మిదికి తొమ్మిది. ఆ రోజుల్లో ఫ్లాపీలు ఎక్కించింది నేను. పైనున్నది పెట్టాను. రెండోది పెట్టాను. "ఈ తేదీ దాటిపోయింది" అని వస్తే, నేను రాసిన ప్రోగ్రాము అబద్ధం చెప్పదని నమ్మి తీసి పక్కన పెట్టాను. తొమ్మిది సార్లూ.

వెంకట్రామయ్య గారి మంగళవారాన్ని ఎగతాళి చేసేవాళ్ళు చాలామంది దొరుకుతారు. ఆయన ఫ్లాపీలు ఒకరోజు ఆలస్యం చేశారు, అంతే. ఆలస్యమైనది పోకూడదు. పోయేట్టు చేసింది నా నియమం. ఆయన పాటించింది ఊళ్ళో పది మందికీ తెలిసిన ఆచారం, నేను పాటించింది నాకొక్కదానికే తెలిసినది.

పాల పుస్తకం

నా మిషన్లో 231 నుంచి 239 రోజుల మధ్య ఉన్నవాళ్ళు ముప్పై ఎనిమిది మంది. తొమ్మిది రోజులు కలిస్తే వీళ్ళలో పద్నాలుగు మంది గట్టెక్కాలి. ఏ పద్నాలుగు మందో చెప్పే డేటాను నేనే చెరిపించాను. వెంకట్రామయ్య గారికి తెర మీద చూసిన పేర్లలో అంకమ్మది ఒక్కటే గుర్తుంది. అదీ ఆమె చెంప మీది మచ్చ వల్ల.

దారి చూపించింది కూడా అంకమ్మే. క్వారీలో ఆడవాళ్ళు జతలుగా పని చేస్తారు. తట్ట నిండాక ఒకరు పట్టి ఎత్తితేనే ఇంకొకరి నెత్తికి చేరుతుంది. అంకమ్మ జత సువార్త అనే చిన్నామె, చంటిబిడ్డ తల్లి. పనిలో ఉన్నంతసేపూ బిడ్డలు ఫ్యాక్టరీ బాలవాడీలో ఉంటారు.

"ఖాసింబీ పిన్ని పిల్లలకి పాలు పోసి పుస్తకంలో రాసుద్ది," అంది అంకమ్మ. "సువార్త బిడ్డ పాలు తాగితే సువార్త వచ్చినట్టే. సువార్త వస్తే నేనూ వచ్చినట్టే. ఒక్కతే తట్ట ఎత్తుకోలేదు గదా."

ఖాసింబీ బాలవాడీ ఆయా. ఆమె పుస్తకం నేను చూసిన రికార్డులన్నిటిలోకీ శుభ్రమైనది. రోజు, బిడ్డ పేరు, తల్లి బిళ్ల నంబరు, అరగ్లాసా, గ్లాసా. "ఈ పుస్తకం కోసం వచ్చారా అమ్మా," అని ఆశ్చర్యపోయింది. "పాలు తగ్గాయని తనిఖీ అనుకున్నా." ముప్పై ఎనిమిది మందిలో ఏడుగురికి బాలవాడీలో పిల్లలున్నారు. వాళ్ళలో అయిదుగురికి ఆ పుస్తకం ప్రకారం రెండు వందల నలభై దాటింది. సువార్తకు రెండు వందల ముప్పై అయిదు, పాల పుస్తకంలో ఆ తొమ్మిది రోజుల్లో ఏడు, మొత్తం రెండు వందల నలభై రెండు. ఆ ఏడు అంకమ్మకూ వేస్తే రెండు వందల నలభై ఒకటి.

జనవరి 18న అంకమ్మను, పుస్తకాన్ని తీసుకుని చక్రపాణి గారి ముందు నిలబడ్డాను. ఏం జరిగిందో, ఎవరి తప్పో మొదటి నుంచి చెప్పాను. ఆయన సిగరెట్టు ఆర్పి మరీ విన్నారు. అయిదుగురి పేర్లకూ ఒప్పుకున్నారు. కాగితం చూపిస్తే కాదనే మనిషి కాదు. కాగితం లేకపోతే మనిషినే కాదనే మనిషి.

"అంకమ్మ సంగతి?"

"బిడ్డ ఎవరిది?"

"సువార్తదండీ. కానీ వాళ్ళిద్దరూ జత."

ఆయన రెండు అంకెలూ చూశారు. "సువార్తకు 235, ఈమెకు 234. అంటే ఒకరోజు ఈమె లేకుండా ఆమె పని చేసింది."

"ఆ రోజు మా అన్న కూతురి పెళ్ళి," అంది అంకమ్మ. "మేస్త్రి పెళ్ళాం వచ్చి సువార్తకి తట్ట పట్టింది."

"చూశావా? ఆ ఏడు రోజులూ మేస్త్రి పెళ్ళామే పట్టలేదని రుజువేంది?"

"మేస్త్రినడుగు."

"మేస్త్రి నీ బంధువు."

"ఈ క్వారీలో ఎవురు కాదు సారూ? నువ్వొక్కడివే బయటోడివి."

ఆయనకు కోపం రాలేదు, నిజానికి నవ్వొచ్చింది. అయినా పేరు రాయలేదు. నేను ఆఖరి మాటగా, ముప్పై ఎనిమిది మందికీ ఇచ్చేయమన్నాను.

"పద్నాలుగు మంది కోసం ఇరవై నాలుగు మందికి దొంగ హాజరు వేయమంటారా? మీరా అనేది ఆ మాట? మీరా?"

నేను నోరు మూసుకున్నాను. ఇది నిజాయితీగా రాయాలి: భయపడి కాదు. నాకు ఆ మాట సబబుగా తోచింది. తప్పుడు అంకె మీద సంతకం చేయడం అప్పటికి నేను ఊహించగల పెద్ద నేరం. ఇరవై నాలుగు మంది అదనంగా పర్మినెంటు అయితే ఆ ఫ్యాక్టరీ కూలిపోయేది కాదని, మేము పోగొట్టిన దానికి రుజువు వాళ్ళను అడగడమే దొంగ లెక్కని నాకు తట్టడానికి చాలా ఏళ్ళు పట్టింది. మీకు అంతకాలం పట్టకూడదు. డేటా పోగొట్టినవాళ్ళు సందేహం తమ నెత్తిన వేసుకోవాలి. ఇదేమీ కంప్యూటరు సూత్రం కాదు.

బయటికి వచ్చాక అంకమ్మ నాతో ఒక్క మాటే అంది. "సువార్తకొచ్చింది గదా. పోనీలే. దాని బిడ్డ పాలు తాగినందుకన్నా వచ్చింది."

ఆ వారమే ప్రోగ్రాము మార్చాను. ప్రతి ఫ్లాపీకీ వరస నంబరు వేశాను. నడుమ నంబరు రాకపోతే తర్వాతది ఎక్కదు, గోల చేస్తుంది. రోజువారీ మొత్తాలు రెండు చోట్లా పోల్చాలని రాసిపెట్టాను. వెంకట్రామయ్య గారి మంగళవారాల జోలికి పోలేదు. ఆయన బస్సు అందలేదని రాయడం మానేసి "మంగళవారం" అని రాయడం మొదలుపెట్టారు. తర్వాత మళ్ళీ ఒక్క రోజు కూడా పోలేదు.

పోయినవి

తొమ్మిది రోజుల హాజరు: ఆరు సోమవారాలు, మూడు గురువారాలు. 

ఆ తొమ్మిది రోజుల మస్టరు కాగితాలు.

ఫ్యాక్టరీ మిషన్లోని సరైన కాపీ, ఒకటి.

పర్మినెంటు కావాల్సిన పద్నాలుగు ఉద్యోగాల్లో పాల పుస్తకం వల్ల దక్కినవి అయిదు. పోయినవి తొమ్మిది.

ఆ ఏడాది మధ్యలో యాజమాన్యం పద్ధతి మార్చింది. టెంపరరీ వాళ్ళెవరికీ రెండు వందల నలభై నిండనివ్వలేదు. అంకమ్మను, బిళ్ల నంబరు 212, 1988 ఆగస్టు 13, శనివారం, నూట ఎనభై ఒక్క రోజుల దగ్గర ఆపేశారు.

మిగతా ఎనిమిది పేర్లు నాకు తెలియవు.